ఫార్మాట్ కొట్టించకండి, విండోస్ 11 మీ మెయిల్స్‌ను మింగలేదు

ఒంగోలు, చీమకుర్తి వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతోంది. విండోస్ 11 వేసుకుంటే మెయిల్స్‌లో తెలుగు శాశ్వతంగా పాడవుతుందట, టేబుల్స్ చెదిరిపోతాయట, వైరస్ ఫైల్ దానంతటదే అటాచ్ అవుతుందట, పాత మెయిల్స్ డిలీట్ అవుతాయట. వెంటనే ఫార్మాట్ కొట్టించి విండోస్ 10కి వెళ్లిపొమ్మని సలహా. మెయిల్ రూపం మారడం నిజమే. చెప్పిన కారణాలు తప్పు, ఆ సలహా ప్రమాదం.

ముందు తెలుగు సంగతి. మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ ఎక్కువగా అనూ ఫాంట్లే వాడతారు. వాటిలో కొట్టిన మేటర్ కంప్యూటర్ లెక్కలో తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌ల మీద తెలుగు ఆకారాలు కూర్చారు, అంతే. ఆ ఫాంట్ ఉన్న సిస్టమ్‌లో పెళ్లిపత్రిక చక్కగా కనిపిస్తుంది, లేనిచోట పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అప్‌గ్రేడ్ పేరుతో షాపువాళ్లు సి డ్రైవ్ తుడిచి కొత్తగా ఎక్కించినప్పుడు పాత ఫాంట్లన్నీ పోతాయి. వాటిని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే అదే మెయిల్‌లో తెలుగు తిరిగి వస్తుంది. కానీ మీ కస్టమర్ ఫోన్‌లో ఆ ఫాంట్ నిన్నా లేదు, నేడూ లేదు. కాబట్టి బయటికి పంపేది పీడీఎఫ్‌గానో యూనికోడ్‌లోనో పంపాలి. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబర్ ఉంది. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ ఫాంట్ దాన్ని చూపిస్తోంది. గౌతమి, వాణి ఫాంట్లకు అలవాటుపడ్డవారికి అక్షరాల రూపు మారినట్టు అనిపిస్తే, సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వేసుకోవచ్చు.

ఇక టేబుల్స్. గ్రానైట్ ఆఫీసు నుంచి బయ్యర్‌కి వెళ్లే కొటేషన్‌లో స్లాబ్ పొడవు, వెడల్పు, రేటు ఒకదాని కింద ఒకటి రావాలని చాలామంది స్పేస్‌బార్ నొక్కుతూ పోతారు. కొరియర్ న్యూ లాంటి ఫాంట్‌లో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు కనుక వరసలు కుదిరేవి. మైక్రోసాఫ్ట్ మెయిల్ ప్రోగ్రామ్ కొత్త అవుట్‌లుక్‌లో మామూలుగా వచ్చే ఆప్టోస్ ఫాంట్‌లో ఇంగ్లిష్ 'ఐ' సన్నగా, 'ఎమ్' వెడల్పుగా ఉంటాయి. దాంతో రేటు కాలమ్ పక్కకు జరిగి పొడవు కిందకి వచ్చినట్టు కనిపిస్తుంది. డబ్బుతో ముడిపడిన కాగితంలో ఇది చిన్న విషయం కాదు. మెయిల్‌ను హెచ్‌టీఎంఎల్ (వెబ్‌పేజీ తరహా) రూపంలో పెట్టి, ఇన్సర్ట్‌లో నిజమైన టేబుల్ తీసుకుని అంకెలు అందులో వేయండి. ఏ ఫాంట్ వచ్చినా గడి దాటవు.

వైరస్ అంటున్నది winmail.dat అనే ఫైల్. అవుట్‌లుక్ సొంత రూపమైన రిచ్ టెక్స్ట్‌లో పంపిన మెయిల్‌ను అర్థం చేసుకోలేని ప్రోగ్రామ్‌లో అది అలా కనిపిస్తుంది. విండోస్ 11కి దీనితో సంబంధం లేదు. పంపేవారు హెచ్‌టీఎంఎల్‌కి మారితే చాలు.

పాత మెయిల్స్ పోయాయన్నది ఎలా పుట్టిందో తెలుసు. విండోస్‌లోని మెయిల్ యాప్‌కి మైక్రోసాఫ్ట్ 2024 డిసెంబర్ 31తో సపోర్ట్ ఆపి, కొత్త అవుట్‌లుక్‌కి మళ్లించింది. ఖాళీ ఇన్‌బాక్స్ చూసి కంగారుపడేముందు బ్రౌజర్‌లో లాగిన్ అయి చూడండి. అక్కడ కనిపిస్తే సర్వర్‌లో భద్రంగా ఉన్నట్టే. పాప్ పద్ధతిలో పాత మెయిల్స్ సొంత కంప్యూటర్‌లోకి దించుకుంటున్నవారి సంగతి వేరు. పాత (క్లాసిక్) అవుట్‌లుక్ వాడేవారికి అవి పీఎస్టీ అనే మెయిల్స్ దాచే ఫైల్‌లో, మామూలుగా డాక్యుమెంట్స్ లోపలి అవుట్‌లుక్ ఫైల్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. సర్వర్‌లో కాపీ ఉండకపోవచ్చు.

ఆ ఫార్మాట్ సలహా మీద నా కోపం ఇందుకే. కంప్యూటర్‌లో చెక్కుచెదరకుండా ఉన్న ఇలాంటి మెయిల్స్‌ను నిజంగా తుడిచేసేది అదే. సి డ్రైవ్ తుడవకుండా అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల్లోపు అయితే సెట్టింగ్స్‌లోని రికవరీలో గో బ్యాక్ నొక్కి, ఫార్మాట్ లేకుండానే వెనక్కి వెళ్లవచ్చు. అయితే విండోస్ 10కి మామూలు ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయని గుర్తుంచుకోండి. షాపులో సిస్టమ్ ఇచ్చి వచ్చినవారు ఇప్పుడే ఫోన్ చేసి, అవుట్‌లుక్ ఫైల్స్ ఫోల్డర్, అనూ ఫాంట్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాకే డిస్క్ మీద చెయ్యి వేయమని చెప్పండి.