హాల్లోని షోకేసు గారికి, కింది అర తరఫున

మహారాజశ్రీ షోకేసు గారి సముఖానికి,

ఇక్కడ మేమంతా క్షేమం. మీ గాజు తలుపుల వెనక కూడా అంతా తళతళలాడుతూ క్షేమంగా ఉన్నట్టు కనిపిస్తూనే ఉంది. మా కూకట్‌పల్లి ఫ్లాట్‌లోకి ఎవరొచ్చినా ముందు మిమ్మల్ని చూసి, తర్వాతే మమ్మల్ని పలకరిస్తారు. మీ వైభవానికి వంక పెట్టను. నా శిలాజాలకు చోటిచ్చారు, సంతోషం. ఒక్కటే అడుగుతాను: లోపలికొచ్చిన వస్తువును ఏ ఊరు నీది అని ఎన్నడైనా అడిగారా?

పై అరలో ఎల్‌ఈడీ లైటు కింద, ఒళ్లంతా ముళ్లతో దర్జాగా కూర్చున్న ట్రైలోబైట్ అనే పాతకాలపు సముద్రజీవినే చూడండి. మొరాకో సరుకని చెప్పి అమ్మారు. భూతద్దం పెడితే ఒంటినిండా బుడగల గుంతలు. కాల్చిన సూది ఆనిస్తే ప్లాస్టిక్ కంపు. అచ్చంగా రెజిన్ పోత. ట్రైలోబైట్లు అంతరించి 25 కోట్ల ఏళ్లు దాటింది, ఈయనగారు మాత్రం నిన్నగాక మొన్న పుట్టారు. సంక్రాంతి బొమ్మల కొలువులో మా పిల్లలు దీన్ని తాబేలు కింద వాడుకున్నారు. నిజం చెప్పాలంటే దాని అర్హతకు తగ్గ వేషం అదొక్కటే.

మధ్య అరలో తాండూరు బండ ముక్క. దాని మీద ఫెర్న్ రెమ్మల్లా నల్లటి గీతలు. చుట్టాలు సెల్ఫీ దిగేది దీంతోనే. అది ఆకూ కాదు, అలమూ కాదు. రాతి పగుళ్లలోకి దిగిన నీళ్లు వదిలిపోయిన మాంగనీసు, డెండ్రైట్ అంటారు. దానికి మీరిచ్చిన హోదా మాత్రం శిలాజం.

ఇక కింది అర. అక్కడ గోధుమ రంగు మొద్దు ఒకటి ఉంది, శిలాజ కలప, అంటే రాయిగా మారిన చెట్టు ముక్క. చూడ్డానికి పొయ్యిలో పెట్టడం మరిచిపోయిన కట్టెలా ఉంటుంది. కానీ మీ దగ్గరున్న మొత్తం సరుకులో జాతకం ఉన్నది దానికొక్కదానికే. అది నాకిచ్చిన జియాలజీ మాస్టారు ఏ వాగు ఒడ్డున, ఏ రాతి పొరలో, ఏ తేదీన దొరికిందో చీటీ రాసి మరీ ఇచ్చారు. ఆ చీటీ మీ అందానికి అడ్డమని దసరా దులుపుళ్లలో ఎవరో తీసేశారు. నా నోటుబుక్కులో నకలు ఉండబట్టి సరిపోయింది. లేకపోతే అన్ని కోట్ల ఏళ్లు మట్టిలో భద్రంగా ఉన్న సమాచారం మీ దగ్గర ఒక్క పండక్కి గల్లంతయ్యేది.

చీటీలంటే మీకు గిట్టదనుకుందామా? నాన్నగారి రిటైర్మెంట్ షీల్డు మీద ఊరు, తేదీ, ఇచ్చినాయన పేరు, ఆయన బిరుదులు అన్నీ చెక్కి ఉన్నాయి. దాన్ని నడిమధ్యన నిలబెట్టారు. చెక్కపలక చరిత్ర చెప్పుకోవచ్చు గానీ రాయి చెప్పుకోకూడదు కాబోలు.

నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది, వీలైతే మీ చెక్కల్ని అటువైపు తిప్పి చూడండి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలవి. కనీసం పన్నెండు జంతువులవి కలగలిసి దొరికితే జియలాజికల్ సర్వే వాళ్లు ఓపిగ్గా వేరు చేసి అమర్చారు. 1988లో దానికి నామకరణం చేసినప్పుడు ఏం పేరు పెట్టారు? కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. ఊరు పేరు ఒంటికే అతికించేశారు, ఇంకే దసరాకీ ఊడిపోకుండా.

అంత దూరమెందుకు, పూజగది మిమ్మల్ని చూసి నవ్వుతోంది. అక్కడున్న అమ్మమ్మగారి సాలగ్రామం అమ్మోనైట్ శిలాజమే. విష్ణుచక్రం అని దండం పెట్టే ఆ చుట్టలు ఒకప్పటి సముద్రజీవి గుల్లవి. దాని ఊరు అడగండి, చదువురాని అమ్మమ్మ కూడా తడుముకోకుండా గండకీ నది అని చెప్పేది. మ్యూజియం పద్ధతి దేవుడి మందిరానికి తెలిసినంతగా డ్రాయింగ్ రూముకు తెలియకపోవడం చిత్రం. "ఎముకలూ గట్రా ఇంట్లో పెట్టుకుంటే అరిష్టం కదరా" అని నన్ను మందలించే పిన్ని, రోజూ ఆ అమ్మోనైట్‌కి అభిషేకం చేసి తీర్థం పుచ్చుకుంటుంది.

ఆ పిన్నే మొన్న, "మన గచ్చిబౌలి గుట్టల్లో దొరకవా ఇవి, ఇంత పోసి కొనాలా?" అంది. దొరకవు పిన్నీ. మన ఊరిది గ్రానైట్, భూమి లోపల కరిగిన శిలాద్రవం చల్లారి గట్టిపడింది. దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ప్రాణి అందులో పడినా మిగిలేది కాదు.

వానాకాలం సంగతి కూడా చెప్పాలి. బంగారంలా మెరుస్తుందని మీరు ముద్దుచేసిన అమ్మోనైట్ ఒంట్లో ఉన్నది పైరైట్, ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం; చెమ్మ తగిలితే ఆమ్లం పుట్టి తనను తానే తినేసుకుంటుంది. కింద తెల్లటి పొడి రాలుతోంది. అది విభూతి కాదు, రోగం. మహిమ అనుకుని నుదుట పెట్టుకోకముందే చెబుతున్నాను.

కాబట్టి రేపటి నుంచి మీ ఇలాకాలో కొన్ని మార్పులు. ప్రతి రాయికీ కనపడని వైపు చిన్న తెల్ల రంగు మచ్చ, దాని మీద నల్ల సిరాతో నంబరు. అదే నంబరుతో రిజిస్టర్‌లో పేరు, ఊరు, పొర, ఎలా వచ్చింది. పైరైట్‌కి చెమ్మ పీల్చే సిలికా జెల్ పెట్టిన మూతడబ్బా. కలప పై అరకు వస్తుంది. ట్రైలోబైట్ కింది అరకు దిగుతుంది, "నకలు" అన్న కార్డుతో. పారేయను, మోసం ఎలా ఉంటుందో చూపించడానికి అంతకంటే మంచి నమూనా దొరకదు.

కార్డులు పెడితే అందం పోతుందంటారా? సరే, ముందు నాన్నగారి షీల్డు మీద అక్షరాలు చెరిపించండి. ఆ మాట ఆయనతో మీరే చెప్పండి, నేను చెప్పలేను.

ఇట్లు,
మీ తాళంచెవి ఉన్నవాడు