39 శాతం ఓట్లకు 11 సీట్లు: అసలు నష్టం సభ లోపలే

2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి 39.17 శాతం ఓట్లు పడ్డాయి, 23 సీట్లు వచ్చాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39.37 శాతం పడ్డాయి, వచ్చినవి 11 సీట్లు. ఓట్ల వాటా రవ్వంత ఎక్కువే, సీట్లు మాత్రం సగానికన్నా తక్కువ. ఇక 2023లో తెలంగాణలో బీఆర్ఎస్ ఈ రెండింటి కంటే తక్కువగా 37.35 శాతం తెచ్చుకుని, ఓడిపోయి కూడా 119లో 39 స్థానాలతో గట్టి ప్రతిపక్షంగా కూర్చుంది.

ఇందులో ఈవీఎంల మాయ ఏమీ లేదు. నియోజకవర్గంలో అందరికన్నా ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా గెలిచినట్టే, రెండో స్థానంలో ఉన్నవారికి పడిన ఓట్లకు సభలో విలువ ఉండదు. కాబట్టి ఎన్ని ఓట్లు వచ్చాయన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ వచ్చాయి, ఎదుటివాళ్లు కలిశారా చీలారా అన్నదీ అంతే ముఖ్యం. తెలంగాణలో బీజేపీ దాదాపు 14 శాతం ఓట్లు చీల్చుకుంది. పైగా బీఆర్ఎస్‌కు హైదరాబాద్, చుట్టుపక్కల ఓట్లు కుప్పగా పడ్డాయి. కాంగ్రెస్ 39.40 శాతంతో 64 సీట్లు గెలిచి ప్రభుత్వం ఏర్పాటు చేసినా, హైదరాబాద్ జిల్లాలో ఆ ఎన్నికల్లో ఖాతా తెరవలేదు. ఆంధ్రప్రదేశ్‌లో అలా కాదు. టీడీపీ, జనసేన, బీజేపీ కలిసి 55 శాతం దాటేసరికి పోటీ ముఖాముఖి అయిపోయింది. రాష్ట్రమంతా పల్చగా పరుచుకున్న 39 శాతం ఎక్కడికక్కడ రెండో స్థానంలో ఆగిపోయింది. రాయలసీమ, ప్రకాశం, అరకు, పాడేరు ప్రాంతాల్లో మాత్రమే ఆ పార్టీకి కాస్త నేల మిగిలింది.

ప్రభుత్వం ఎవరిదన్న విషయంలో ఇక్కడ అన్యాయమేమీ జరగలేదు. 55 శాతం అంటే నిఖార్సైన మెజారిటీ. 2019లో వైసీపీకీ దాదాపు 50 శాతం వచ్చాయి. నా అభ్యంతరం అంతా ఆ తర్వాత సభ లోపల జరిగేదాని మీదే.

మంత్రివర్గం శాసనసభకు ఉమ్మడిగా జవాబుదారీ అని రాజ్యాంగంలోని 164వ అధికరణ చెబుతుంది. కానీ 175 మందిలో 164 మంది ఒకే వైపున్నప్పుడు ఏ బిల్లు మీద ఓటింగ్ పెట్టినా ఫలితం ముందే తెలిసిపోతుంది. అలాంటి సభలో మిగిలేది ప్రశ్న అడిగే అవకాశం, మాట్లాడే టైమ్, ఖర్చుల లెక్క చూసే కమిటీలు. వీటిని మన సభలు ఎక్కువగా సంఖ్యాబలాన్ని బట్టే పంచుతాయి. బూత్‌లో ఒకసారి కుదించుకుపోయిన 39 శాతం సభలో మళ్లీ కుదించుకుపోతుంది.

ప్రతిపక్ష నేత హోదా చూడండి. 11 మందే ఉన్నారని వైసీపీ నేత జగన్‌కు అది దక్కలేదు. సభలో పదో వంతు, అంటే 18 మంది ఉండాలన్నది వాదన. మరి ఆ పదో వంతు ఎక్కడిది? తొలి లోక్‌సభ స్పీకర్ మావలంకర్, ఒక గ్రూపును సభలో పార్టీగా గుర్తించాలంటే కోరం, అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస సంఖ్య, సొంతంగా నింపగలగాలని కొలత పెట్టారు. కోరం పదో వంతు, అందుకే గుర్తింపుకూ పదో వంతు. ప్రతిపక్ష నేత గురించి పార్లమెంటు చేసిన 1977 చట్టంలో ఆ శాతం లేదు. ఎమ్మెల్యేల జీతభత్యాలపై ఆంధ్రప్రదేశ్‌కున్న 1953 చట్టంలోనూ లేదు. ప్రతిపక్షాల్లో పెద్ద పార్టీ నాయకుడై, స్పీకర్ గుర్తిస్తే చాలు. 2015లో ఢిల్లీలో 70కి 67 ఆమ్ ఆద్మీ పార్టీవే అయినా, ముగ్గురే ఉన్న బీజేపీ నాయకుడికి ఆ హోదా దక్కింది. స్పీకర్ మనసు పెడితే అడ్డమేమీ లేదన్నమాట.

కాకపోతే ఇప్పుడు చట్టంలో శాతం లేదంటున్న జగన్ 2019 జూన్‌లో, సభానాయకుడిగా ఏమన్నారో చాలామందికి గుర్తుంది. 23 మందిలో ఐదారుగురిని లాగితే చంద్రబాబుకు ప్రతిపక్ష హోదా ఉండదని కొందరు తనతో అన్నారని, తాను మాత్రం ఆ పని చేయనని చెప్పారు. అంటే అప్పుడు ఆయనకూ పదో వంతే కొలత! తెలంగాణలో ఆ ముచ్చట నిజంగానే జరిగింది. అదే నెలలో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 12 మంది టీఆర్ఎస్‌లో విలీనం కావడంతో, అప్పటి ప్రతిపక్ష నేత భట్టి విక్రమార్క పక్కన ఆరుగురు కూడా లేక హోదా పోయింది.

హోదా కన్నా నాకు ముఖ్యంగా కనిపించేది పబ్లిక్ అకౌంట్స్ కమిటీ. ప్రభుత్వ ఖర్చుపై కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ) ఇచ్చే నివేదికలను తిరగేసేది ఇదే. దీని చైర్మన్ పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. 2019 తర్వాత టీడీపీ నుంచి పయ్యావుల కేశవ్ ఆ పదవిలో ఉన్నారు. 2024 నవంబర్‌లో వైసీపీ పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డితో నామినేషన్ వేయించింది. ఒక్క సభ్యుడు గెలవాలంటే దాదాపు 18 మంది మద్దతు కావాలి, ఉన్నది 11 మంది. పోలింగ్‌ను బహిష్కరించారు. చైర్మన్ పదవి జనసేనకు, అంటే ప్రభుత్వంలో భాగమైన పార్టీకే వెళ్లింది. తెలంగాణలో బీఆర్ఎస్‌కు కావాల్సినంత బలం ఉంది. అయినా ఆ కుర్చీ 2024 సెప్టెంబర్‌లో అరెకపూడి గాంధీకి దక్కింది. ఆయన బీఆర్ఎస్ టికెట్‌పై గెలిచారు, కాంగ్రెస్‌లోకి వెళ్లారంటూ ఆయన మీద అనర్హత పిటిషన్ వేసిందీ బీఆర్ఎస్సే. కాగితం మీద ఆనవాయితీ పాటించినట్టే ఉంది.

ఇలా ఉంటే ప్రతిపక్షం ఏం చేయాలి? వెళ్లి కూర్చోవాలి. మనవాళ్లు చేసేది బాయ్‌కాట్. 2017 అక్టోబర్ నుంచి వైసీపీ రాలేదు. 2021 నవంబర్‌లో ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని చంద్రబాబు శపథం చేసి వెళ్లిపోయారు. ఇప్పుడు మళ్లీ జగన్ వంతు. హోదా లేదని ఈయన రారు, తెలంగాణలో హోదా ఉన్న కేసీఆర్ సభలో కనిపించడమే అరుదు. మైక్ ఇవ్వరన్న ఫిర్యాదు నిజమే కావచ్చు. కానీ ఎమ్మెల్యే రాకపోతే ఆయన నియోజకవర్గం తరఫున ప్రశ్నోత్తరాల్లో నిలబడేవారే ఉండరు.

అనుమతి లేకుండా 60 రోజులు రాకపోతే సీటు ఖాళీ అయిందని ప్రకటించవచ్చని 190వ అధికరణ అంటుంది. ఆ బెదిరింపు తరచూ వినిపిస్తుంది గానీ, సభ ప్రొరోగ్ అయిన, అంటే సమావేశాలు ముగించిన కాలం, వరుసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడిన కాలం ఆ లెక్కలోకి రావు. మన సభలు కూర్చునే రోజులు చూస్తే ఆ 60 నిండటానికి చాలా కాలం పడుతుంది.

ఓట్ల లెక్క మార్చాలంటే చట్టాలు మారాలి, ఓట్ల శాతాన్ని బట్టి సీట్లిచ్చే దామాషా పద్ధతి మీద దేశమంతా తేల్చుకోవాలి. సభ లోపలి లెక్కకు అంత అవసరం లేదు. ప్రతిపక్షాల్లో పెద్ద పార్టీ ఏదైతే దాని నాయకుడే ప్రతిపక్ష నేత అని, అకౌంట్స్ కమిటీ చైర్మన్‌ను ఆ పార్టీ సూచించినవారిలోంచే తీసుకోవాలని సభా నియమాల్లో రాసుకుంటే సరిపోతుంది. ఆ పని త్వరగా చేయడానికి ఒక కారణం కూడా ఉంది. విభజన చట్టం 26వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్ సీట్లను 225కు పెంచాలంటోంది. 2026 తర్వాత జరిగే తొలి జనగణనకు ముందు అది కుదరదని సుప్రీంకోర్టు 2025 జులైలో తేల్చింది కాబట్టి ఇప్పటికి ఆగింది. ఎప్పుడు పెరిగినా, పాత కొలతే ఉంటే ప్రతిపక్ష హోదాకు 18 మంది చాలరు, 23 మంది కావాలి.