జీవితం అడ్డురాని ఆత్మకథ

ఆత్మకథను చివరిదాకా చదివించే గుణం ఏమిటని కొందరు కుర్రవాళ్లు అడుగుతున్నారు. ప్రశ్నే తప్పు. మా నెల్లూరులో ఆత్మకథ ఉన్నది చదవడానికి కాదు, ఆవిష్కరించడానికి. టౌన్‌హాల్లో శాలువా కప్పించుకుని, వేదిక మీది పెద్దలకు తలా ఒక ప్రతి ఇచ్చి, వచ్చినవారికి మలైకాజా, కారప్పూస పంచాక ఆ పుస్తకం జన్మ ధన్యమైనట్టే. ఆ తర్వాత ఎవరైనా దాన్ని తెరిస్తే అది వారి పూచీ.

ఈమధ్య పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన ఆత్మకథ నా చేతికి వచ్చింది. ముందు ప్రముఖుల సందేశాలు, ఆపైన సన్మానాల రంగు ఫొటోలు. ఆయన పుట్టేసరికే పుస్తకం సగం అయిపోయింది. పుట్టిన మనిషి ఊరుకున్నారా, వెంటనే క్లాసులో ఫస్టు వచ్చారు. తర్వాత బదిలీలన్నీ ఉత్తర్వు నంబర్లతో సహా వరుసగా ఉన్నాయి. పెన్నకు వరద వచ్చిన ఏడాదికి మాత్రం ఒకటే వాక్యం: "కార్యాలయ రికార్డుల పరిరక్షణకు శాయశక్తులా కృషి చేశాను."

అదే వరద కథను ఆయన సాయంత్రం పూట టీకొట్టు దగ్గర చెబుతుండగా విన్నాను. అర్ధరాత్రి నీళ్లు గడప దాటాయి. ఆఫీసు బీరువా తాళంచెవిని మొలతాడుకు కట్టుకుని మిద్దె ఎక్కారు. తెల్లవారి చూసుకుంటే తాళంచెవి భద్రంగా ఉంది, బీరువా లేదు. విచారణకు వచ్చిన అధికారికి ఆ తాళంచెవినే అప్పగించి రసీదు తీసుకున్నారట. టీ చల్లారిపోతున్నా ఒక్కరూ కదల్లేదు. ఇది పుస్తకంలో ఎందుకు రాయలేదండీ అని అడిగితే, "నలుగురూ చదివేది కదా!" అన్నారు.

ఇంతటి క్రమశిక్షణను చెడగొట్టినవారు పొరుగు జిల్లావారే. ఆ జిల్లాకే తన పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు. 1928లో మద్రాసులో తుపాకికి గుండె చూపారు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఒక పుస్తకానికి ఇవి చాలవా? 'నా జీవిత యాత్ర'లో తండ్రి పోయాక తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను సాకిన సంగతి, తాను చిన్నతనంలో నాటకాల్లో వేషాలు కట్టిన సంగతి కూడా రాసి పెట్టారు. ముఖ్యమంత్రి కాబోయే పిల్లవాడు ముఖానికి రంగు పూసుకున్నాడని తెలిశాక పాఠకుడు పుస్తకం కింద పెడతాడా? పొయ్యి మీద పప్పు మాడుతుంది, ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోతుంది. ఈ నష్టానికి ఎవరు పూచీ?

అందుకే కొత్తగా కలం పట్టే పెద్దలకు మనవి. ఓడిన కేసు, ఎగ్గొట్టిన అప్పు, తమ్ముడితో గట్టు తగాదా దరిదాపులకు రానివ్వకండి. ముఖ్యంగా భార్యను "నా విజయం వెనుక ఉన్న శక్తి" అని ఒక్క వాక్యంలో సరిపెట్టండి. ఆమె రెండోసారి కనిపించి నోరు విప్పిందా, కథ మొదలయ్యే ప్రమాదం ఉంది.

మా పెద్దాయన ఇప్పుడు రెండో భాగం రాస్తున్నారు. మొదటి భాగం ఆవిష్కరణ సభలో వక్తలు చేసిన ప్రసంగాలు అందులో పూర్తి పాఠంతో వస్తాయట. బీరువా ఊసు ఎత్తనని నాకు మాట కూడా ఇచ్చారు.