వంద కోట్ల పోస్టరూ, నెల్లూరు బయ్యరూ

నెల్లూరు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మెసేజ్ ఇది: "పోస్టర్ మీద వంద కోట్లని పడిందంటే అదంతా నిర్మాత జేబులోకే. సినిమా పోతే నష్టం ఆయనొక్కడికే. హాలు నిండితే థియేటర్ ఓనర్‌కి పండగే. నష్టాలని ఏడ్చే బయ్యర్లది నాటకం."

బయ్యరంటే ఒక ఏరియాకి సినిమా హక్కులు కొనుక్కునే డిస్ట్రిబ్యూటర్. ముందు ఆ వంద కోట్ల సంగతి. పోస్టర్ మీద వేసేది గ్రాస్, అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం వసూలు. అందులో పన్ను కూడా కలిసే ఉంటుంది. వంద దాటిన టికెట్‌కి జీఎస్టీ 18 శాతం. అంటే 150 రూపాయల టికెట్‌లో దాదాపు 23 రూపాయలు ప్రభుత్వానివి. మిగిలిన దాంట్లో థియేటర్ ఖర్చు పోగా డిస్ట్రిబ్యూటర్ చేతికొచ్చేదే షేర్. లాభనష్టాలు చూసేది దాని మీదే. ఇక ఆ గ్రాస్ అంకెను సరిచూసే అధికారిక సంస్థంటూ మన దేశంలో లేదు. లెక్క చెప్పేదీ పోస్టర్ వేసేదీ నిర్మాణ సంస్థే.

ఆ షేరైనా నేరుగా నిర్మాతకు చేరుతుందా? పెద్ద సినిమాల హక్కులు చాలావరకు రిలీజ్‌కు ముందే ఏరియాల వారీగా అమ్ముడుపోతాయి. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ)లాగే నెల్లూరూ ట్రేడ్ లెక్కల్లో ఒక ఏరియా, చిన్నదే అయినా. ఇక్కడి బయ్యర్ అవుట్‌రైట్‌గా, అంటే ఒకే మొత్తానికి పూర్తిగా కొంటే, వచ్చినా పోయినా అతనిదే. మినిమమ్ గ్యారంటీ అయితే ఒప్పుకున్నది ముందే కట్టాలి. సినిమా పోతే అది తిరిగిరాదు. బాగా ఆడితే మాత్రం పెట్టుబడి, కమీషన్ పోను మిగిలినదాంట్లో నిర్మాతకు వాటా ఇవ్వాలి. అడ్వాన్స్ పద్ధతిలో బయ్యర్ ముందిచ్చిన డబ్బు కన్నా షేర్ తక్కువపడితే, ఆ తేడా నిర్మాత వెనక్కివ్వాలి. "వచ్చే సినిమాకి సర్దుకుందాం లే అన్నా" అనే మాటతోనే ఆ లెక్క ఆగిపోవడం కొత్తేం కాదు. మరి నాటకం ఎవరిది?

థియేటర్ ఓనర్ పండగ ఇంకా విచిత్రం. సింగిల్ స్క్రీన్‌ని డిస్ట్రిబ్యూటర్ అద్దెకు తీసుకుంటే హౌస్‌ఫుల్ అయినా ఓనర్‌కి అదే అద్దె, పైన క్యాంటీన్, పార్కింగ్. అద్దెకు సరిపడా కూడా వసూలు కాకపోతే దాన్ని డెఫిసిట్ అంటారు, ఆ తేడా డిస్ట్రిబ్యూటర్ చేతి నుంచి పడుతుంది. డిస్ట్రిబ్యూటర్లు జనం బాగా వచ్చే రోజుల్లో అద్దె ఇచ్చి, పలచబడ్డాక పర్సంటేజీకి, అంటే వసూళ్లలో వాటాకి మారుస్తారని ఓనర్ల గోల. అన్ని రోజులూ పర్సంటేజీయే ఇవ్వాలని అడుగుతూ, జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామని 2025 మేలో ఎగ్జిబిటర్లు (థియేటర్లు నడిపేవాళ్లు) హెచ్చరించారు. తర్వాత వెనక్కి తగ్గారనుకోండి.

"నష్టం ఆయనొక్కడికే" అన్నది కూడా నిలవదు. ఓటీటీ, శాటిలైట్ (టీవీ), ఆడియో హక్కుల డబ్బు సాధారణంగా నిర్మాతకే వెళ్తుంది. ఆ డబ్బు పోస్టర్ మీది వంద కోట్లలో ఉండదు, దాంట్లో నెల్లూరు బయ్యర్‌కి వాటా కూడా ఉండదు.