తొక్కోపాఖ్యానం

కమలాపండు తినడం పామరుల పని అని మా బెంగళూరు మారతహళ్లి అపార్ట్‌మెంట్‌లో తేలిపోయింది. విజ్ఞులు తొక్క తింటారు. తొనలు వాచ్‌మన్ పిల్లలకి పంచేసి, తొక్కలు మాత్రం వడియాల్లా బాల్కనీల్లో ఆరబెట్టుకుంటున్నారు.

ఇదంతా పోయిన ఆదివారం క్లబ్‌హౌస్‌లో జరిగిన జ్ఞానబోధ ఫలం. నిన్నమొన్నటిదాకా సర్జాపూర్ రోడ్డులో ప్లాట్లు అమ్మిన ఒక మహానుభావుడు మైకు పట్టుకుని తొక్కలో ఉండే పదార్థాల పేర్లు హెస్పెరిడిన్, నోబిలెటిన్, టాంజెరెటిన్ అంటూ సహస్రనామం అందుకున్నాడు. తెర మీద ఒక లావు ఎలుక, పక్కనే వాటిని తిన్న సన్న ఎలుక. హాలంతా ఆహా. మూడో ఫ్లోర్ పెద్దాయనైతే చిటికెడు తొక్కల పొడి భక్తిగా అరచేతిలో పుచ్చుకుని, ఆ చేదుకి మొహం అష్టవంకర్లు పోతున్నా, మిగిలింది తలకి రాసుకున్నారు. వెనక వరసలోంచి ఒక మామ్మగారు లేచి "ఎలకకి ఎంత పెట్టారు నాయనా?" అని అడిగితే, "మీకైతే రోజూ రెండు చెంచాలు మామ్మగారూ, డబ్బాలు బయట టేబుల్ మీద ఉన్నాయి" అన్నాడు. ప్రశ్నకీ జవాబుకీ సంబంధం లేదని ఒక్కరికీ తట్టలేదు, ఆ హాల్లో సగం మంది డేటా సైంటిస్టులు!

తొక్కలో ఏమీ లేదని నేననను. హెస్పెరిడిన్‌ని 1828లోనే కనుక్కున్నారు. డయోస్మిన్ అనే అలాంటి ఇంకో పదార్థంతో కలిపి 500 మిల్లీగ్రాముల మాత్రగా డాక్టర్లు రాస్తారు కూడా, మొలలకీ, కాళ్లలో ఉబ్బిన నరాలకీ. ఈ ముక్క మన వక్త చెప్పలేదు, మొలల మందంటే డబ్బాలు కదలవు కదా. 1936లో ఈ జాతి పదార్థాలకి విటమిన్ పి అని పేరు కూడా పెట్టారు, తర్వాత అసలు విటమినే కాదని తేల్చి తీసేశారు. ఇక నోబిలెటిన్ మహిమలు ఎక్కువగా ఎలుకల్లో, ల్యాబ్‌లో పెంచిన కణాల్లో చూసినవే.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. చివర్లో "బీపీ మాత్రలు మెల్లగా మానేయొచ్చు" అన్నాడు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండింది. ఆ పొడిలో పంపరపనస తొక్క కూడా కలిపారట. పంపరపనసలో, గ్రేప్‌ఫ్రూట్‌లో ఉండే ఫ్యూరానోకూమరిన్లనే పదార్థాలు పేగుల్లో మందుని విరగ్గొట్టే ఎంజైమ్‌ని ఆపేస్తాయి, దాంతో ఫెలోడిపిన్ లాంటి బీపీ మందు, సిమ్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మందు రక్తంలో మోతాదు మించిపోవచ్చు. అంటే మాత్ర మానేస్తే ఒక గండం, మానకుండా పొడి మింగితే ఇంకో గండం. రేపు ఎవరి అమ్మకో పక్షవాతం వస్తే ఐసీయూ బిల్లు ఎవడు కడతాడు, ఆ సన్న ఎలుకా? తొక్కలో సైన్సు నాలుగు ముక్కలు చెప్పి ముసలివాళ్ల మాత్రల డబ్బా మీద చెయ్యేస్తారా, సిగ్గుండక్కర్లేదా?

హాలు ఉచితంగా ఇచ్చిన కమిటీ పెద్దలారా, మధ్యాహ్నం పూట గోడకి మేకు కొడితే ఫైన్ వేస్తారు కదా, దీనికీ వెయ్యండి.