ఆ పుస్తకం ఫ్రిజ్ మీద నుంచి దించండి

నిన్న మా తోడికోడలి కూతురి రెండో పుట్టినరోజు. గౌన్లు, బొమ్మలు ఎలాగూ బోలెడు వస్తాయని నేను గట్టి అట్టల బొమ్మల పుస్తకం పట్టుకెళ్ళాను. పేజీకో జంతువు, కింద ఒక్క మాట. కేకు కోయడం అయ్యాక అందరూ ఫొటోల హడావుడిలో ఉంటే అది వచ్చి నా ఒళ్ళో ఎక్కి కూర్చుంది. పుస్తకం తలకిందులుగా పట్టుకుంది. నేను సరిచేయలేదు. పేజీలు తిప్పుతూ తిప్పుతూ గేదె బొమ్మ దగ్గర ఆగింది. గేదెను చూసింది, నా మొహం చూసింది. తర్వాత తన వేలికి అంటుకున్న క్రీమ్ తీసి గేదె మూతికి పూసి "ఆమ్ తిను" అంది.

నాకు ఒళ్ళు పులకరించింది. కాగితం మీద గేదెకు ఆకలేస్తుందని రెండేళ్ళ పిల్లకు తోచిందంటే, అది చదవడం కాకపోతే మరేమిటి?

ఇంతలో వాళ్ళమ్మ వచ్చి పుస్తకం లాగేసుకుంది. "అయ్యో అక్కా, కొత్త పుస్తకం, చింపేస్తుంది. కాస్త పెద్దయ్యాక ఇద్దాంలే" అంటూ తడిగుడ్డతో గేదె మూతి తుడిచి, తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద పెట్టేసింది. పిల్ల ఏడుపు లంకించుకుంది. ఊరుకోబెట్టడానికి చేతిలో ఫోన్ పెట్టారు. కింద పడితే పగిలే 18 వేల ఫోన్ ఇవ్వచ్చట! వంద సార్లు పడినా ఏమీ కాని అట్ట పుస్తకం మాత్రం ఇవ్వకూడదట!

మా తోడికోడలు పిల్లను ప్రాణంలా చూసుకునే మనిషి. ఇది చదివి కోపం వస్తే రానీ, రేపు ఫోన్ చేసి నేనే మాట్లాడతాను. ఆమె ఒక్కదాన్ని అని ఏం లాభం, ఇంటింటా ఇదే వరస. "ఇంకా అఆలే రావు, పుస్తకం ఏం చేసుకుంటుంది?" అని నిన్న అక్కడే ముగ్గురు నన్ను అడిగారు. పొత్తిళ్ళలో బిడ్డకు జోల పాడింది అర్థమవుతుందనేనా? విని వినే కదా మాటలు వచ్చాయి. పుస్తకమూ అంతే. దాన్ని నమలాలి, నాకాలి, లాగాలి, రెండు పేజీలు చింపాలి కూడా. ఒకే కథ పాతికసార్లు చెప్పించుకుంటారు, పాతికోసారి మనం ఒక్క ముక్క ఎగరగొడితే ఠక్కున పట్టేసుకుంటారు. ఆ వయసు పోతే మళ్ళీ రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, ఏడాది పిల్లలకు స్క్రీన్ అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంట మించకూడదని, కూర్చోబెట్టినప్పుడు పక్కన కూర్చుని కథ చెప్పమని, చదివి వినిపించమని. మా బామ్మ ఏ సంస్థా చెప్పకుండానే ఆ పని చేసేది, అది వేరే సంగతి.

మనకు పుస్తకమంటే భక్తి ఎక్కువ. కాలు తగిలితే కళ్ళకు అద్దుకుంటాం. నేనూ అద్దుకుంటాను, ఆ అలవాటు పోకూడదు. వసంత పంచమికి బాసర వెళ్ళి, తెల్లవారుజాము నుంచి క్యూలో నిలబడి, పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని "ఓం నమః శివాయ సిద్ధం నమః" అని దిద్దిస్తాం. అంత దూరం వెళ్ళొచ్చిన ఇంట్లో పిల్ల చేతికి అందే ఎత్తులో ఒక్క కథల పుస్తకం ఉండదు. "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్ళవి, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళవి తెలుగులో ఎంత చవకో! ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉన్నాయి, ప్రింటు తీసి కుట్టుకోవచ్చు. అయినా మూడేళ్ళు రాగానే నాలుగు గీతల కాపీ చేతిలో పెట్టి పేజీ నిండా రాయమంటారు. యూకేజీకి వచ్చేసరికి డైరీలో ఎర్ర ఇంకుతో "రీడింగ్ వీక్" అని రాసి పంపుతారు. పిల్ల చేతికి పుస్తకం ఎప్పుడిచ్చారని వీక్ అవకుండా ఉండటానికి?

అసలు నా కడుపుమంట నిన్నటిది కాదు. మూడేళ్ళ క్రితం మా వాడికి నాలుగేళ్ళప్పుడు మా దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి తీసుకెళ్ళాను. పిల్లల పుస్తకాలు ఉన్నాయి, లేవని కాదు. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. మా వాడు అద్దానికి ముక్కు ఆనించి, వేలితో ఒక్కో అట్టా చూపిస్తూ "అమ్మా, ఆ ఏనుగు... ఆ రైలు..." అంటున్నాడు. వాడి ఊపిరికి అద్దం మసకబారిపోతే చేత్తో తుడుచుకుని మళ్ళీ చూస్తున్నాడు. తాళం తీయమంటే "పిల్లలు చింపేస్తారమ్మా, ఆడిట్ వస్తే మా జీతంలోంచి కట్టుకోవాలి" అన్నారు. ఆ ఉద్యోగి భయం నాకు అర్థమైంది. చిరిగిన పుస్తకానికి ఉద్యోగిని భయపెట్టే పద్ధతి మీదే నా కోపం. చిరగని పుస్తకం ఏ పిల్లాడూ ముట్టుకోని పుస్తకం. అది ఆడిట్‌కి బాగానే కనిపిస్తుంది!

ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం అది లైబ్రరీలకు వెళ్ళాల్సిన డబ్బు. అందులో రెండేళ్ళ పిల్లలకు వాటా లేదా? వాళ్ళకో చాప, చేతికందే ఎత్తులో ఒక అర, చిరిగితే పోనీలే అనుకోదగ్గ నలభై పుస్తకాలు, అంతకు మించి ఏం అడిగాను? మనవాళ్ళు లైబ్రరీల కోసం ఉద్యమం చేసినవాళ్ళండీ. వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పెట్టారు. పాతూరి నాగభూషణం గారు 1930లలో పడవ మీద పుస్తకాలు వేసుకుని కాలువ గట్టు ఊళ్ళకు చేర్చారు. పడవలో ఊళ్ళు దాటి వెళ్ళిన పుస్తకం ఇవాళ రెండడుగుల దూరంలో నిలబడ్డ పిల్లాడికి అందట్లేదు. ఆ రోజు మా వాడు "మనం రేపు వద్దాం, రేపు తీస్తారు" అని నన్ను ఓదార్చాడు. నేను మళ్ళీ తీసుకెళ్ళలేదు. ఆ తప్పు నాది.

ఈ ఏడాది ఇంటి పన్ను రసీదు బయటికి తీసి పెట్టుకున్నాను. రేపు పదింటికి అది పట్టుకుని ఆ లైబ్రరీకి వెళ్తున్నాను, మా వాణ్ణీ మా తోడికోడలి కూతుర్నీ వెంటబెట్టుకుని. బీరువా తీసేదాకా అక్కడే కూర్చుంటాం. మా కాలనీ వాళ్ళెవరైనా వస్తానంటే మీ పిల్లల్ని కూడా తీసుకురండి.