లాక్టోజ్ ముందు పెట్టినా ముప్పావు గంట కదలని ఈ.కోలైకి ఒక బహిరంగ లేఖ

రేయ్ ఈ.కోలై,

'గారు' పెట్టలేదని ఏమీ అనుకోకు. నేను పుట్టిన నాలుగు రోజులకే నా పేగుల్లో కాపురం పెట్టి, ఇరవై మూడేళ్లుగా పైసా అద్దె కట్టకుండా ఉంటున్న బ్యాక్టీరియావి, నీకు మర్యాదలెందుకు?

నా కడుపులో ఉన్నవాడూ మా ల్యాబ్ ఫ్లాస్కులో ఉన్నవాడూ ఒకడు కాదని నాకు తెలుసులే. ఫ్లాస్కులోవాడు కే-12 వంశం. 1922లో స్టాన్‌ఫర్డ్‌లో డిఫ్తీరియా నుంచి కోలుకుంటున్న ఒక మనిషి దగ్గర దొరికినవాడు, అప్పటి నుంచి వందేళ్లుగా ప్రపంచంలోని ల్యాబులన్నీ కూర్చోబెట్టి మేపుతున్న ఇల్లరికపు అల్లుడు. అల్లుడు కాబట్టి అలకలూ ఉన్నాయి, మా చిత్తూరు బెల్లంలోని సుక్రోజ్ పెడితే ముట్టడు, దాన్ని వాడుకునే జీన్లే తన దగ్గర లేవంటాడు. అయినా ఒకడి మీది కోపం వాళ్ల వంశం మొత్తం మీద చూపించడం మా ఊళ్లో మామూలే కాబట్టి ఈ ఉత్తరం మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

మంగళవారం రాత్రి సంగతి మర్చిపోయావేమో, గుర్తు చేస్తా. తిరుపతిలో మేం చదివే చోట ఎమ్మెస్సీ వాళ్లకి ఒక ప్రాక్టికల్ ఉంటుంది. మీడియాలో, అంటే నిన్ను పెంచే పోషక ద్రావణంలో, గ్లూకోజ్ కొంచెం, లాక్టోజ్ (పాలలోని చక్కెర) ఎక్కువ వేసి నిన్ను వదిలి, పావు గంటకోసారి కొంచెం తీసి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 600 నానోమీటర్ల దగ్గర చూసి గ్రాఫ్ గీయాలి, నువ్వెంత పెరిగితే ద్రావణం అంత మసక, అంకె అంత పెద్దది. క్యూవెట్ (శాంపిల్ పోసే చిన్న గొట్టం) తీయి, టిష్యూతో తుడువు, పెట్టు, రాసుకో, కడుగు. పక్కన షేకర్ గరగరమంటూనే ఉంటుంది, ఏసీ నీళ్లు బకెట్లో పడుతుంటాయి. నువ్వు 0.08 దగ్గర మొదలై 0.31 దాకా బుద్ధిగా ఎక్కావు. తర్వాత 0.32. మళ్లీ 0.32. 0.33. 0.32.

రాత్రి ఒకటిన్నర. నేనేమనుకోవాలి? చచ్చావనుకున్నాను. మీడియా తప్పు కలిపానేమోనని టెన్షన్ పడి, నీ మీద హైపో (సూక్ష్మజీవుల్ని చంపే బ్లీచ్) పోసి, సింకులో పారబోసి హాస్టల్‌కి పోయి పడుకున్నాను. పొద్దున గ్రాఫ్ చూసిన మా మేడం అరవలేదు, అదే ఇంకా బాధ. "ఎందుకు ఆపేశావు? అసలు కథ అక్కడే కదమ్మా మొదలయ్యేది" అంది, అంతే.

నువ్వు చావలేదు. గ్లూకోజ్ అయిపోయిందని ఆగావు, లాక్టోజ్ తినడానికి తయారవుతున్నావు. ఇదే ఆగుడు 1940 ప్రాంతంలో, జర్మన్ సైన్యం ఆక్రమించిన పారిస్‌లో, జాక్ మోనో అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త గ్రాఫులోనూ కనబడింది. ఆయన పారబోయలేదు. పెద్దాయన ఆంద్రే ల్వాఫ్‌కి చూపించాడు, దానికి 'డయాక్సీ' అని మోనోనే పేరు పెట్టాడు, అంటే రెండు విడతల పెరుగుదల. ఎందుకు ఆగుతావో వెతుక్కుంటూ పోయిన మోనోకీ ఫ్రాన్స్వా జాకొబ్‌కీ, వాళ్లతో పాటు ల్వాఫ్‌కీ 1965లో నోబెల్ వచ్చింది. నాకు రిపీట్ వచ్చింది.

సరే, నీ ఇంట్లో ఏం జరుగుతుందో ఇప్పుడు తెలుసుకున్నాను కాబట్టి అడుగుతా. లాక్టోజ్ తినడానికి నీకు కావాల్సింది ముఖ్యంగా రెండు. దాన్ని లోపలికి లాగే పర్మియేజ్ ఒకటి, లోపలికొచ్చాక గ్లూకోజ్, గాలాక్టోజ్‌లుగా కోసే బీటా గాలాక్టోసిడేజ్ ఒకటి. వీటి జీన్లు పక్కపక్కనే, ఒకే స్విచ్ కింద ఉంటాయి. దాన్నే ల్యాక్ ఒపెరాన్ అంటారు. ఆ స్విచ్ దగ్గర డీఎన్ఏని పట్టుకుని ఒక వాచ్‌మన్ కూర్చుంటాడు, వాడి పేరు రిప్రెసర్. మొత్తం కణంలో ఇలాంటివాళ్లు పదిమంది అటూఇటూగా ఉంటారు. 1966లో గిల్బర్ట్, ముల్లర్-హిల్ అనే ఇద్దరు వాణ్ణి పట్టుకునేదాకా వాడొకడున్నాడనేది లెక్కల్లోనే తప్ప ఎవరూ చూసింది లేదు. మా హాస్టల్ వాచ్‌మన్ తాతలాగే వాడూ అప్పుడప్పుడు టీకి పోతాడు. ఆ సందులో నాలుగు పర్మియేజ్‌లు, నాలుగు ఎంజైములు తయారైపోతాయి. ఇది లంచగొండితనం అనుకున్నాను మొదట, కానీ ఆ మాత్రం సందు లేకపోతే మొదటి లాక్టోజ్ లోపలికెలా వస్తుంది? వచ్చిన దాంట్లో కొంత అల్లోలాక్టోజ్‌గా (లాక్టోజ్‌కే కాస్త మారిన రూపం) మారి వాచ్‌మన్ చెయ్యి పట్టుకుంటుంది, వాడు డీఎన్ఏని వదిలేస్తాడు, గేటు బార్లా తెరుచుకుంటుంది.

మరి నా ఫ్లాస్కులో మొదటి నుంచీ లాక్టోజ్ గుట్టలుగా ఉంది కదా, గేటు ఎందుకు తెరుచుకోలేదు? ఇక్కడే నీ అసలు గుణం బయటపడింది. గ్లూకోజ్ లోపలికి వస్తున్నంతసేపూ ఎంజైమ్ టూ-ఏ అనే నీ ప్రోటీన్ తన దగ్గరున్న ఫాస్ఫేట్‌ని ఆ పనికి ఇచ్చేస్తూ ఉంటుంది. ఫాస్ఫేట్ పోయిన చేతులు ఊరికే ఉంటాయా? పోయి పర్మియేజ్‌ని పట్టుకుని, పని చేయనీయకుండా ఆపేస్తుంది. లాక్టోజ్ బయటే ఉండిపోతుంది, వాచ్‌మన్‌కి కబురే అందదు. గ్లూకోజ్ అయిపోయాకే ఆ ఫాస్ఫేట్ చేతిలో మిగిలేది, పర్మియేజ్‌ని వదిలేది, సైక్లిక్ ఏఎంపీ అనే కబురు మోసే చిన్న అణువు పెరిగేది, అది ఇంకో ప్రోటీన్‌తో జత కట్టి జీన్లు చదివే యంత్రాన్ని అక్కడికి గట్టిగా పిలిచేది. మా సీనియర్ల నోట్సుల్లో నెపమంతా ఈ సైక్లిక్ ఏఎంపీ మీదే ఉంది, పాపం. గ్లూకోజ్, లాక్టోజ్ రెండూ ఉన్నప్పుడు అసలు అడ్డు పర్మియేజ్ అనే తలుపు దగ్గరేనని 1996లోనే జపాన్‌లో ఐబా బృందం చూపించినా ఆ నోట్సులు మాత్రం మారలేదు, జిరాక్సులు జిరాక్సులుగా దిగుతూనే ఉన్నాయి.

అంటే ముందుచూపు లేదని కాదు, నువ్వు పిసినారివి. బీటా గాలాక్టోసిడేజ్ ఒక్కోటి నాలుగు గొలుసులు, గొలుసుకి వెయ్యి పైన అమైనో ఆమ్లాలు. పళ్లెంలో గ్లూకోజ్ ఉండగా అది కట్టడం దండగ అంటావు. మా అమ్మా అంతే. పలమనేరులో చుట్టాలు బస్సు దిగామని ఫోన్ చేసేదాకా సంగటికి ఎసరు పెట్టదు. బియ్యం ఉడికి, రాగిపిండి పోసి, కట్టెతో కెలికి, చెయ్యి తడి చేసుకుని ముద్ద తీసేసరికి ముప్పావు గంట, అంతసేపూ మా మామ మొహం కూడా సరిగ్గా 0.32 దగ్గరే ఉంటుంది. కాకపోతే అమ్మ మధ్యలో వచ్చి "ఇంకొంచేపు కూచో న్నా, అయిపోయింది" అని చెప్తుంది. నువ్వు అదీ చెప్పవు.

పైగా మీవాళ్లంతా ఒకేసారి లేవరు. క్యూ కాంప్లెక్సులో గేటు తీసిన తర్వాత కూడా కంపార్ట్‌మెంట్లో కొందరు నిద్రపోతూ ఉంటారు చూడు, అట్లా. ఎంజైమ్ కాస్త ముందే ఉన్నవాడు లేచి పరిగెత్తుతాడు, లేనివాడు అక్కడే ఉంటాడు. నా మెషీన్‌కి గుంపే తప్ప మనుషులు కనబడరు కాబట్టి సున్నా కదలిక అని రాసుకున్నాను. (గ్లూకోజే అందరికీ మొదటి పంక్తి అని కూడా అనుకోకు. సూడోమోనాస్ అనే ఇంకో బ్యాక్టీరియాకి సక్సినేట్ లాంటి ఆమ్లాలు వడ్డించాకే గ్లూకోజ్ గుర్తొస్తుంది.)

ఇంకో మాట. గ్లూకోజ్ గ్లూకోజ్ అని అంత గీర పోతావు కానీ, నా కడుపులో నీకు అది దక్కేదెంత? మొన్న కొండ నుంచి తెచ్చిన లడ్డూలో సగం నేనే తిన్నాను, ఆ తీపంతా చిన్న పేగే పీల్చేసుకుంది. పెద్దపేగులో గోడల మీది జిగురులో ఉండే చక్కెరలు ఏరుకుని బతికేవాడివి, ఫ్లాస్కులో మాత్రం జమీందారు వేషం.

మా నాన్న సంగతి చెప్పాలి నీకు. ఇంట్లో నాలుగు ఆవులు, తెల్లారకముందే పాల క్యాన్లు కేంద్రానికి పోతాయి, కానీ ఆయన పాలు తాగడు. తాగితే కడుపుబ్బరం, గుడగుడ. "పాలు అమ్ముకునేవాడికి పాలు పడవు, ఏం ఖర్మో" అని నాయనమ్మ నవ్వేది. మజ్జిగైతే చెంబు ఎత్తేస్తాడు, తోడేసినప్పుడే సగం పని వేరే సూక్ష్మజీవులు చేసి పెడతాయి కాబట్టి. పాలు తాగే వయసు దాటాక ప్రపంచంలో ఎక్కువమందికి లాక్టేజ్ (లాక్టోజ్‌ని కోసే మా ఎంజైమ్) తగ్గిపోతుంది, ఆ లాక్టోజ్ అరగక కిందికి జారి, నీకూ నీ ఇరుగుపొరుగుకూ పండగవుతుంది. నీ స్విచ్ లాక్టోజ్ కనబడితే ముప్పావు గంటలో మళ్లీ పడుతుంది. నాన్నది చిన్నప్పుడెప్పుడో ఆరిపోయింది, ఇంటి నిండా పాలున్నా మళ్లీ వెలగలేదు. ఇంత చేతగాని ఏర్పాటు మాకు పెట్టి, అంత పకడ్బందీది నీకు పెట్టిన పద్ధతి మీద నాకు ఫిర్యాదుంది, అది నీ పరిధి కాదులే.

గురువారం రాత్రి మళ్లీ పెట్టాను నిన్ను. 0.32 దగ్గర ఆగావు. అమ్మ ఫోన్: "ఏం మే, తినేసినావా? ఇంకా ఆ పురుగులతోనే ఉండావా?" పెట్టేశాను. 0.33. 0.32. ఈసారి హైపో బాటిల్‌ని ఎందుకైనా మంచిదని అవతలి గదిలో దాచి వచ్చాను. ఐదో రీడింగు 0.35. ఆరోది 0.40. నేను అరిచిన అరుపుకి షేకర్ పక్కన బల్ల మీద తల వాల్చిన జూనియర్ ఉలిక్కిపడి లేచి, "ఏమైందక్కా, పగిలిందా?" అంది.

ఇట్లు,
అద్దె బాకీ మర్చిపోని
నీ ఇంటి ఓనరు